రెండు పుంజీలు

ఆ ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక నా చెల్లెలు హన్నా నిమ్మకాయలు లెక్కపెట్టింది. ఊరగాయ కోసం అమ్మ తెప్పించిన కాయలవి. చేతికి రెండేసి తీసి, నాలుగూ ఒక్కసారే బేసినులో వేసి ‘ఒకటి’ అనేది. మళ్ళీ నాలుగు వేసి ‘రెండు’ అనేది.

"పదమూడు పుంజీలక్కా. యాభై రెండు" అని చెప్పి, తలనొప్పిగా ఉందంటూ చేతులు కడుక్కుని పడుకుంది. మూడింటికి కాఫీకి లేపితే లేవలేదు. 1988 సంగతి. తనకి ముప్ఫై ఒకటో ఏడు.

తను పడుకున్నాక నేను ఆ కాయల్ని ఒక్కొక్కటిగా మళ్ళీ లెక్కపెట్టాను. ఒక్కటైనా తేడా వస్తే బాగుండునని. యాభై రెండే ఉన్నాయి.

మా నాన్న ఏసుపాదం మలికిపురంలో ఒక కొబ్బరి వ్యాపారి దొడ్లో కాయ లెక్కపెట్టేవారు. పుంజీ అంటే నాలుగు. లెక్కపెట్టే మనిషి నోటితో ఒకటి అంటే గుట్టలో నాలుగు కాయలు పడ్డట్టు. ఇరవై అయిదు అనేసరికి వంద. వందకో కాయ పక్కన గురుతు పెట్టేవారు. అది సరుకులోకి రాదు, తప్పు పడితే తెలుసుకోడానికి. నన్ను బి.ఎస్సీ. లెక్కలు చదివించారు. నాన్న కళ్ళు మందగించాక హన్నా ఇంటర్‌తో చదువు ఆపి ఆయన పక్కన నిలబడింది. చదువు నాకిచ్చారు సరే, సాయంత్రం కబుర్లన్నీ దానికే ఇచ్చారు. ఆ రోజు ఎవరు ఎక్కడ అంకె తప్పారో చెప్పుకుని ఇద్దరూ నవ్వుకునేవారు. నేను పుస్తకం అడ్డం పెట్టుకుని వినేదాన్ని.

1983లో తాటిపాక దగ్గర ఒక ప్రైవేటు సర్వే క్యాంపు వెలిసింది. భూమిలో చిన్న పేలుడు చేసి, లోపల్నుంచి తిరిగొచ్చే అదురుని అయస్కాంతపు టేపుల మీదకి ఎక్కించేవారు. ఆ టేపుల లెక్క చూసే ఉద్యోగం ఒక్కటే ఒక్కటి. అది నాదే అనుకున్నాను. హన్నా కూడా దరఖాస్తు పెట్టిందని పరీక్షకు వెళ్ళే బస్సులోనే తెలిసింది.

"బిట్టంటే ఏంటక్కా?" అంది.

"ఒకటో సున్నాయో. అలాంటివి ఎనిమిదైతే ఒక బైటు. ఆ మాత్రం తెలీకుండానే బయల్దేరేవా?"

"ఎనిమిదా! రెండు పుంజీలన్నమాట."

"అక్కడ ఈ మాట అనకు. పరువు పోద్ది."

"నీదా, నాదా?" అని నవ్వింది.

క్యాంపు అధికారి గౌరీశంకరంగారు ఇద్దర్నీ చెరో గదిలో కూర్చోబెట్టారు. ఒకటే ప్రశ్న. టేపు పొడవు 2400 అడుగులు. అంగుళానికి 1600 బిట్లు. సీజను మొత్తానికి 92 కోట్ల 16 లక్షల బైట్లు పోగవుతాయి. ఎన్ని టేపులు కావాలి?

"ఏదన్నా చూడాలంటే అడగండమ్మా" అన్నారాయన.

"అక్కర్లేదండీ" అన్నాను.

టేపు పొడవు 28,800 అంగుళాలు. పదహారు వందలతో గుణిస్తే నాలుగు కోట్ల అరవై లక్షల ఎనభై వేల బిట్లు. బైట్లు కావాలి కనక ఎనిమిదితో భాగిస్తే యాభై ఏడు లక్షల అరవై వేలు. నూట అరవై టేపులు. పావుగంటలో కాగితం బల్ల మీద పెట్టి వరండాలోకొచ్చాను.

కాసేపటికి హన్నా బయటికి వచ్చింది. వేళ్ళకి ఏదో నల్లటి మరక.

"అక్కా, ఓసారి లోపలికి రా."

"నాది అయిపోయింది. రాకపోతే రాదని రాసిచ్చెయ్."

"అది కాదక్కా..."

"నేను చెప్పను" అని గేటు దాటి, రోడ్డు మీద ఆగి ఉన్న బస్సెక్కేశాను. వెనక్కి చూడలేదు.

హన్నా ఇరవై టేపులని రాసింది. ఉద్యోగం దానికొచ్చింది. ఉత్తరం వచ్చిన రోజున వంటింట్లో నాకు చెప్పబోయింది. "అంగుళానికి పదహారు వందలంటే ఒక్క వరసలోనే అక్కా. టేపు వెడల్పున అలాంటి వరసలు తొమ్మిదుంటాయి. ఎనిమిది సరుకు, తొమ్మిదోది మన గురుతు కాయ. నోటితో ఒకటి అన్నప్పుడే ఎనిమిదీ పడిపోతాయి. అంటే అవి అప్పటికే బైట్లు. మళ్ళీ భాగించక్కర్లేదు."

నాన్న పగలబడి నవ్వారు. "డిగ్రీ చదివి, పుంజీని కాయ కింద లెక్కెట్టేసేవేంటమ్మా!"

మా ఇంట్లో పులుసులో చేప తల ఎప్పుడూ నాన్నదే. ఆ రోజు ఆయన దాన్ని తీసి హన్నా కంచంలో పెట్టారు. నేను చెయ్యి కడిగేసుకున్నాను.

డిగ్రీవాళ్ళకైతే జీతం ఎక్కువివ్వాల్సొస్తుందని ఇంటర్ పిల్లని తీసుకున్నారని ఊళ్ళో చెప్పాను. ఒక కాన్వెంటులో టీచరుగా చేరాను. సాయంత్రం క్యాంపు జీపు సందు మొదట్లో ఆగితే, ఆ చప్పుడు గుర్తుపట్టి పెరట్లోకి వెళ్ళిపోయేదాన్ని. క్యాంపులో కొత్తగా చేరినవాళ్ళకి బిట్లు, బైట్లు హన్నాయే నేర్పేదని విన్నాను. "కిలో బైటంటే వెయ్యి కాదక్కా, వెయ్యిన్నీ ఇరవై నాలుగు" అని సంబరంగా చెప్పబోతే, పేపర్లు దిద్దుకోవాలన్నాను. ఒకసారి తను రాసిన ఇంగ్లీషు ఉత్తరం చూసిపెట్టమంది. తప్పు లేనిచోట కూడా ఎర్రసిరా పెట్టాను. థాంక్స్ చెప్పి, అంతా మళ్ళీ రాసుకుంది.

రెండుసార్లు "ఆవేళ వరండాలో..." అని మొదలుపెట్టింది. ఆ ఊసెత్తొద్దన్నాను. మూడోసారి ఎత్తలేదు.

హన్నా సమాధి దగ్గరికి వచ్చిన జనాన్ని చూసి, నాకు ఇంతమంది రారు అనుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కాని అనుకున్నాను.

జ్ఞాపకార్థ కూటానికి గౌరీశంకరంగారు వచ్చారు. ప్రార్థన అయ్యాక అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ అడిగారు.

"ఆవేళ మీరు లోపలికి రాలేదేమండీ?"

"ఎప్పుడండీ?"

"పరీక్షనాడండీ. మీ చెల్లెలుగారు కూడా ముందు నూట అరవై అనే రాసేరు. రాసి, టేపు ఓసారి చూపిస్తారాండీ అని అడిగేరు. టేపు ముక్క మీద వరసలు కనపడేలా ఇనప రజను పూసి, భూతద్దం ఇచ్చేను. చూసి చూసి, మా అక్క కూడా చూడొచ్చాండీ అన్నారు. ఆయ్, పిలుచుకు రండమ్మా, ఆవిడా దిద్దుకోవచ్చు అన్నాను."

ఆయన గ్లాసు కింద పెట్టారు.

"బస్సు వెళ్ళిపోయేదాకా మీ కాగితం బల్ల మీదే ఉంచేనండి. ఆవిడ తన కాగితం దిద్దుకున్నది ఆ తరవాతే."