కాప్రా నుంచి కార్ఖానాకి, ఒక గరాటుతో

అసలు వార్త మొదటి వాక్యంలోనే చెప్పేయాలని నాలుక దురద పెడుతోంది. కానీ ముందే చెప్పేస్తే ఏ బస్సెక్కాలో, ఎక్కడ దిగాలో, ఏం తీసుకెళ్లాలో ఎవరూ చదవరు. నాలాగే ఆ దారిన వెళ్లేవాళ్లు ఎంతమందో ఆ రోజు స్కానింగ్ సెంటర్ బెంచీల మీద చూశాను. అందుకని వరసగానే చెబుతాను.

మేం శ్రీకాకుళం వైపు వాళ్లం. హైదరాబాద్‌లో, కాప్రాలో ఉంటున్నాం. మా ఆయన అప్పలరాజు లిఫ్టులు బాగుచేస్తాడు. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ కలిపి డిగ్రీ పాసైంది నేనొక్కదాన్నే. ఇంటికి ఏ కాగితం వచ్చినా నా ముందు పెడతారు. నేను చదివి చెప్పిందే ఖాయం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

పెళ్లయి ఐదేళ్లు. రెండేళ్ల కిందట ఒక చోట మందు ఎక్కించి ఎక్స్‌రే తీసి, గర్భసంచికి అటూ ఇటూ ఉండే ట్యూబులు రెండూ మూసుకుపోయాయన్నారు. అండం వచ్చే దారే లేకపోతే పిల్లలెలా పుడతారు? ఇక టెస్ట్‌ట్యూబ్ ఒక్కటే మార్గమన్నారు. అది మా తాహతుకి మించిన పని. అప్పట్నుంచి మా ఇంట్లో ‘మూసుకుపోయింది’ అన్న మాటే వాడకంలోంచి పోయింది. చివరికి మూల మీది కిరాణా షాపు గురించి కూడా ‘కట్టేశారు’ అనేవాళ్లం.

ఈమధ్య సికింద్రాబాద్ దాటాక వచ్చే కార్ఖానాలో ఒక డాక్టరమ్మకి చూపించుకున్నాను. ఆవిడ పాత ఫిల్మును వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసి, "ఇంకొక్కసారి తీయిద్దాం. ఈసారీ మూసుకునే ఉంటే అప్పుడు టెస్ట్‌ట్యూబ్ సంగతి మాట్లాడదాం" అంది. నెలసరి మొదలైన తొమ్మిదో రోజు రమ్మంది. అది మంగళవారం పడింది. మా ఆయనకి సెలవు దొరకలేదు. మా అత్త తోడు బయల్దేరింది.

ఉదయం ఏడు నలభైకి కాప్రాలో సికింద్రాబాద్ బస్సెక్కాం. ఆడవాళ్లు ఆధార్ చూపిస్తే జీరో టికెట్. అత్త తన టికెట్ తిప్పి చూసి ముఖం చిట్లించింది.

"బయల్దేరగానే సున్నా యేటమ్మీ?"

"జీరో అంటే ఖుషీ గావాలె పెద్దమ్మా, పరేషాన్ అయితవేంది?" అంది కండక్టరమ్మ.

మౌలాలి దాటాక సీటు దొరికింది. మెట్టుగూడ దగ్గర ట్రాఫిక్‌లో పావుగంట నిలబడిపోయాం. ఎనిమిది యాభైకి స్టేషన్ ముందు దిగాం. తేలిగ్గా తినొచ్చని డాక్టరమ్మ చెప్పింది కనుక రెండేసి ఇడ్లీలు తిన్నాం. మళ్లీ బస్సెక్కి, పట్నీ, జూబ్లీ బస్టాండ్ మీదుగా తొమ్మిదిన్నరకి కార్ఖానాలో దిగాం. స్కానింగ్ సెంటర్ స్టాపుకి రెండు సందుల అవతలే.

పేరు రాయించుకోగానే నొప్పికి ఒక మాత్ర ఇచ్చారు. పదీ పావుకి లోపలికి పిలిచారు. అక్కడ ఆయా యాదమ్మ నా చెప్పులు విప్పించి, బల్ల ఎక్కించి, చేయి పట్టుకుంది. మొదటిసారి పరీక్షలో నేను పళ్లు బిగించి, కాళ్లు ముడుచుకుని, అరిచి గోల చేశాను. ఈసారీ అదే మొదలైంది.

"కాళ్లు గుంజుకోకు బిడ్డా. జెర వదులుగ ఉండు. నిన్న ఏం కూర వండినవ్?"

"ఆనపకాయ."

"గదేంది, సొరకాయనా? పాలు వోసినవా, పులుసు వెట్టినవా?"

బల్ల మీద అలా పడుకున్న మనిషిని కూర గురించి అడిగేవాళ్లుంటారా అని నేను నోరు తెరిచాను. పులుసులో బెల్లం వేస్తామని చెబుతుంటే ఆవిడ, "తీపి పులుసా! మీ ఆయనెట్ల తింటడే?" అంది. నాకు నవ్వొచ్చింది. పొత్తికడుపులో మెలితిప్పినట్టు ఒక్క నొప్పి వచ్చి పోయింది. అంతే, లేవమన్నారు. ఎక్స్‌రే తెర వైపు చూసే ధైర్యం మాత్రం చేయలేదు.

పన్నెండున్నరకి రిపోర్టు ఇచ్చారు. డాక్టరమ్మ ఐదింటికి గానీ రాదు. కవరు అంటించి ఉంది. అయినా, డిగ్రీ చదివినదాన్ని, ఐదింటిదాకా ఎవరాగుతారు? మెట్ల మీదే చింపాను. ఎడమ ట్యూబు ‘బ్లాక్డ్’. అది తెలిసిన మాటే. కుడి ట్యూబు దగ్గర ‘ఫ్రీ స్పిల్’ అని ఉంది. ఫోన్‌లో అర్థం వెతికాను. ‘ఒలికిపోవుట, చిందిపోవుట’ అని ఉంది.

"ఏటి రాసినాడమ్మీ?" అంది అత్త.

"ఎడమది మూసుకుపోయింది అత్తా. కుడిది... ఒలికిపోతోందట."

"ఒలికిపోతందేటి? చిల్లు పడిపోనాదా?"

"అలాగే ఉంది."

"ఓలమ్మో! అయితే ఏటీ నిలవదన్నమాట."

మూసుకుపోయినదాన్ని తెరవొచ్చేమో, చిల్లు పడినదాన్ని ఏం చేస్తారు? ఏడుపు కూడా రాలేదు. నా డిగ్రీ మీద నాకు ఎంత నమ్మకమంటే, లోపలికి వెళ్లి ఒక్కరినైనా అడగాలనిపించలేదు.

ఐదింటిదాకా కాలక్షేపం చేయాలి గదా అని ఒకటిన్నరకి మోండా మార్కెట్‌కి తీసుకెళ్లింది అత్త. అసలు పొద్దున్నే అనుకుంది, నూనె డబ్బాలోంచి సీసాలోకి పోసినప్పుడల్లా గట్టంతా అవుతోంది, ఒక స్టీలు గరాటు కొనాలని. గిన్నెల కొట్లో గరాటు తీసి, ఎండకి ఎత్తి, ఒంటికన్నుతో చూసింది.

"చూస్తెనే అయితదా పెద్దమ్మా? తీస్కో, జిందగీ మొత్తం ఉంటది" అన్నాడు కొట్టు సేటు.

గరాటు సంచిలో వేసుకుని కూరగాయల వైపు నడిచాం. కంద దగ్గర ఆగింది గానీ బేరమాడలేదు. మా అత్త బేరమాడకుండా కదలడం నేను మొదటిసారి చూశాను.

"ఎల్లిపోదుమమ్మీ. డాట్రమ్మ మాత్రం ఏటి సెబుతాది? రేపు రాజుని తీసుకొని వద్దుం" అంది.

సరేనన్నాను. స్టేషన్ దాకా నడిచాం. మూడూ ఇరవైకి ఇంటికి పోయే బస్సు దొరికింది. అత్త గరాటు చేత్తో పట్టుకుని కూర్చుంది, సంచిలో నొక్కుకుపోతుందని. బస్సు కదులుతుంటే ఒకావిడ పరుగున ఎక్కి మా పక్క సీట్లో కూలబడింది. చూస్తే యాదమ్మ. డ్యూటీ దిగి లాలాపేటలో ఇంటికి పోతోంది.

"అగో, పులుసు బిడ్డ! రిపోర్టు వచ్చిందా? డాక్టరమ్మ ఏమన్నది?"

"డాక్టరమ్మని కలవలేదు. నేనే చదివాను. ఒక పక్క బ్లాక్. ఇంకో పక్క స్పిల్" అన్నాను.

యాదమ్మ నన్ను కింది నుంచి మీదికి చూసింది. "స్పిల్ అని రాసిండా? మరి మొఖం గిట్ల వెట్టినవేంది?"

"ఒలికిపోతోంది కదా."

"ఒలకాలనే గదనే మందు పోసేది!"

నాకు అర్థం కాలేదు. ఆవిడ అత్త చేతిలోంచి గరాటు లాక్కుంది. "ఇగో సూడు. ఇండ్ల నీళ్లు పోస్తివి. కింద ఒలికినయి. అంటే ఏందీ? తొవ్వ ఉన్నట్టా, లేనట్టా?"

"ఉన్నట్టు..."

"కింద ఒలకకపోతే?"

"మూసు..." అని ఆగిపోయాను. రెండేళ్లుగా అనని మాట.

"పదిహేనేండ్ల సంది గా రూముల్నే ఉన్న. నాకు ఇంగ్లీషు రాదు గని స్పిల్ అన్న మాటొస్తది. గా మాట వింటే మా సార్ సుత నవ్వుతడు."

అత్త గరాటు వంకా నా వంకా మార్చి మార్చి చూసింది. తరవాత లేచి, మా కాప్రా వీధి చివర కూరల బండిని ఆపే గొంతుతో, "ఆపండి బాబూ బస్సు!" అని కేకేసింది.

మెట్టుగూడలో దిగిపోయాం. యాదమ్మ కిటికీలోంచి, "ఉరకకుర్రి, డాక్టరమ్మ ఐదింటికే వస్తది!" అని అరుస్తూనే ఉంది. అయినా ఉరికాం. ఆటో మాట్లాడుకుని నాలుగున్నరకే కార్ఖానా చేరాం.

ఐదూ పదికి డాక్టరమ్మ ఫిల్మును వెలుతురుకి పెట్టింది. కుడి పక్క సన్నటి దారం లాంటి గీత, దాని చివర పొగలా పరుచుకున్న మరక. నేను పొద్దుట చూడ్డానికి భయపడింది ఆ మరకనే.

"కుడి ట్యూబు తెరుచుకునే ఉంది" అందావిడ.

"మరి రెండేళ్ల కిందట?"

"భయానికీ నొప్పికీ గర్భసంచి బిగుసుకుంటే ట్యూబు మొదలు నొక్కుకుపోతుంది. మందు లోపలికి పోదు. మూసుకుపోయినదీ, బిగుసుకున్నదీ ఫిల్ములో ఒకేలా కనబడతాయి. అప్పుడు అదే జరిగుంటుంది."

బిగుసుకుందట! రెండేళ్లు! శ్రీమంతాలకి వెళ్లడం మానేశాను. మా ఆయన తన తమ్ముడి కూతుర్ని ఎత్తుకోవడం మానేశాడు. అంతా ఒక బిగింపుకి.

అత్తకి ఇంకా నమ్మకం కుదరలేదు. "ఒక్క పక్కేటి సరిపోద్దా డాట్రమ్మా?"

"సరిపోతుందమ్మా, ఒక్కటి చాలామందికి సరిపోయింది. తప్పకుండా వస్తుందని మాటివ్వలేను. ఆర్నెల్లు చూద్దాం." నా వైపు తిరిగి, "నెల తప్పితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా రావాలి. ఒక్కోసారి గర్భం ట్యూబులోనే నిలుస్తుంది, అది ప్రమాదం" అంది. ఆ మాట మూడుసార్లు నా చేత చెప్పించింది.

ఇదీ వార్త. కడుపు పండిందని కాదు, దారి ఉందని. ఆ దారిన వెళ్లేవాళ్లకి నేను చెప్పగలిగింది కొంచెమే. తోడు ఒకరిని తీసుకెళ్లండి. రెండు ప్యాడ్లు సంచిలో పెట్టుకోండి, కొంచెం మరక అవుతుంది. బల్ల మీద ఎవరైనా కూర గురించి అడిగితే పూర్తిగా చెప్పండి. ఎంత చదువుకున్నా ఆ కవరు డాక్టరు చేతికే ఇవ్వండి.

ఆరున్నరకి స్టేషన్ దగ్గర తిరుగు బస్సు. మళ్లీ జీరో టికెట్లు. ఈసారి అత్త తన టికెట్‌ని మడిచి కొంగున కట్టుకుంది. మా ఆయన ఫోన్ చేశాడు. నేను నోరు తెరిచేలోపు అత్త ఫోన్ లాక్కుంది.

"ఒరే రాజూ! ఒలికినాది రా! ఓ పక్క ఒలికినాది!"

మా ముందు సీటావిడ గబుక్కున సంచి పైకెత్తి, చీర కుచ్చిళ్లు తడుముకుంటూ వెనక్కి తిరిగింది.

"ఏం ఒలికింది పెద్దమ్మా? నూనెనా?"

అత్త గరాటు పైకెత్తి చూపించింది.

"కంగారు పడకమ్మా. ఇది ఒలకాలనే రెండేళ్లయి సూస్తన్నాం."