ఫ్రైబర్గ్‌లో "ఎలా ఉన్నారు?" అని అడిగితే

మా అమ్మాయి మేఘనకి జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో మాస్టర్స్ సీటు వచ్చిన రోజు ఇంట్లో పండగే. అక్కడ ఉండటానికి గది దొరకదని మాత్రం ఆ తర్వాత తెలిసింది. విద్యార్థులు ఎక్కువ, ఇళ్లు తక్కువ. బోలెడన్ని మెయిళ్లు రాస్తే జవాబిచ్చింది ఒక్కరే, వెబర్ అనే పెద్దావిడ. మేడ మీద గది ఉంది గానీ మనిషిని చూడకుండా ఇవ్వనన్నారు. వీడియో కాల్ చాలదా అని అడిగితే చాలదన్నారు, ఒక్క ముక్కలో. శనివారం మూడింటికి రమ్మన్నారు. మా ఆయనకి సెలవు దొరకలేదు. ఆ గది పోతే ఇక వేరే దారి లేదు కాబట్టి అమెరికాలో మేముండే జెర్సీ సిటీ నుంచి నేనూ మేఘనా బయల్దేరాం.

శుక్రవారం సాయంత్రం నెవార్క్‌లో విమానం ఎక్కితే శనివారం పొద్దున్నే ఫ్రాంక్‌ఫర్ట్. రైలు కోసం ఊళ్లోకి వెళ్లనక్కర్లేదు, విమానాశ్రయంలోనే స్టేషన్ ఉంది. ఫ్రైబర్గ్‌కి నేరుగా వెళ్లే రైలు రెండు గంటల పైచిలుకు తీసుకుంటుంది. ముందే బుక్ చేశాను కాబట్టి మనిషికి నలభై యూరోల లోపే అయింది. ఆ చౌక టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది కాబట్టి విమానం దిగడానికీ రైలు ఎక్కడానికీ మధ్య మూడు గంటలు ఎడం ఉంచుకున్నాను. రైల్లో మేఘన నాకు క్లాసు పీకింది.

"అమ్మా, లేట్‌గా వెళ్లొద్దు, అర్లీగా కూడా వెళ్లొద్దు. షూస్ డోర్ దగ్గరే తీసెయ్. ఆవిడని ఆంటీ అనకు. ఫ్రావ్ వెబర్ అనాలి."

"మన గారు లాంటిదా?"

"యా, కానీ పేరు ముందు వస్తది."

ఫ్రైబర్గ్ స్టేషన్ మీది వంతెనపైనే ట్రామ్ ఆగుతుంది, టికెట్ మూడు యూరోల చిల్లర. ట్రామ్ దిగి రోడ్డు దాటబోయాను. ఎర్ర లైటు వెలుగుతోంది గానీ కనుచూపు మేరలో ఒక్క కారూ లేదు. జెర్సీ సిటీలో ఇరవై ఏళ్లు తిరిగిన కాళ్లు ఆగుతాయా? సగం దాటేసరికి వెనక నుంచి ఒక తాతగారు, మనవరాలి చెయ్యి పట్టుకుని నిలబడినాయన, ఇంగ్లీషులో నెమ్మదిగా అన్నారు.

"పిల్లలు చూస్తున్నారండీ."

బుద్ధిగా వెనక్కి వచ్చి నిలబడ్డాను. మేఘన నేనెవరో తెలియనట్టు పక్కకి చూసింది.

మూలమలుపులో అయిదు నిమిషాలు కాలక్షేపం చేసి, సరిగ్గా మూడింటికి బెల్లు కొట్టాం. చేతికర్ర పట్టుకుని ఫ్రావ్ వెబర్ తలుపు తీశారు. నేను వంగి షూ లేసులు విప్పుకుంటూ, "హాయ్, హౌ ఆర్ యూ?" అన్నాను.

"బాగాలేనండీ. ఆరు వారాల కింద మోకాలికి ఆపరేషన్ అయింది. నొప్పికి నిద్ర పట్టడం లేదు."

"ఓ, గ్రేట్, గ్రేట్. మీ ఇల్లు చాలా బాగుంది."

అన్నది నేనే. ఆవిడ ఏం చెప్పారో నా బుర్రకెక్కేసరికి మాట నోరు దాటిపోయింది. మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో రోజుకి పదిసార్లు ఆ ప్రశ్న అడుగుతాం, జవాబు కోసం ఎవరూ ఆగరు. ఆవిడ నన్ను ఒక్క క్షణం చూసి "రండి" అని లోపలికి నడిచారు. నాకు తల కొట్టేసినట్టయింది. నా నోటి తొందరకి పిల్ల గది పోయిందనే అనుకున్నాను.

బల్ల మీద ప్లమ్ కేకు, కాఫీ పెట్టి ఉన్నాయి. గది ఊసు ఎవరూ ఎత్తలేదు. కేకు ప్లేటు పక్కన పెట్టి చెప్పేశాను. "క్షమించండి, ఫ్రావ్ వెబర్. అలవాటుగా అడిగాను. మీరు చెప్పింది వినలేదు."

"వినాలని లేకపోతే ఎందుకు అడుగుతారు?"

వెటకారం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు.

"సరే, ఇప్పుడు అడగండి," అన్నారు ఆవిడ.

అడిగాను. ముప్పై ఏళ్లు సైకిల్ మీద ఉత్తరాలు పంచిన మనిషి, ఇప్పుడు ఇంటి మెట్లు దిగాలంటే భయపడుతున్నారట. కాఫీ చల్లారిపోయేదాకా చెప్పారు. తర్వాత మేఘన వైపు తిరిగారు.

"రోజూ వండుతారా? ఇల్లంతా వాసన వస్తుందా?"

నో ప్రాబ్లమ్ అనబోయాను. ఈలోపు మేఘనే చెప్పింది, "వస్తుంది. పోపు పెడితే ఎక్కువ వస్తుంది. నేను కిటికీ తీసి వండుతాను."

ఆవిడ తలూపారు. "రేపు పదింటికి ఫోన్ చేస్తాను."

మర్నాడు సరిగ్గా పదింటికి హోటల్లో ఫోన్ మోగింది. "గది మీ అమ్మాయికే. నిన్న మీరు అడిగి వినలేదు, అది నాకు నచ్చలేదు. తర్వాత విన్నారు, అది నచ్చింది." అంతే, పెట్టేశారు. హోటల్ మంచం మీద కూర్చుని ఏడ్చాను. మేఘన నవ్వింది.

ఆ వైపు వెళ్లేవారికి నా సలహా ఒక్కటే. ఎలా ఉన్నారని అడిగే ముందు పది నిమిషాలు తీరిక ఉందో లేదో చూసుకోండి. లేకపోతే గూటెన్ టాగ్ అని వాళ్ల భాషలో నమస్కారం చెబితే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు. ఇది జర్మన్ల గురించి రాద్దామని మొదలుపెట్టాను గానీ తప్పు నాలోనే కనిపిస్తోంది. పన్నెండేళ్లు, స్కూల్ నుంచి రాగానే మేఘనని "డే ఎలా ఉంది?" అని అడిగాను, కూర కలుపుతూ. "గుడ్" అనేది. నేను కూర కలుపుకుంటూనే ఉండేదాన్ని. తను ఫ్రైబర్గ్‌లో చేరిన రెండో వారం ఫోన్ చేస్తే, ఎలా ఉన్నావని అడిగాను. "నాట్ గుడ్, అమ్మా," అంది. స్టవ్ ఆపేసి కూర్చున్నాను.