మా కొట్టు మొదటి బెల్లం ముక్క

మా అమ్మాయికి ఇన్సులిన్ ఇంజక్షన్ అక్కర్లేదన్నారండీ... పొద్దున్నే రిపోర్టు వచ్చింది, మూడు నెలల షుగరు దిగింది! ఆనందం పట్టలేక రాసేస్తున్నాను. ఎనిమిదో తరగతి వరకే చదివినవాణ్ణి, తప్పులుంటే సర్దుకోండి.

మా చిన్నప్పుడు... తుని బజార్లో మా నాన్నగారిది బెల్లం కొట్టు. పొద్దున్నే తలుపు చెక్కలు ఒక్కొక్కటే తీసి, గుమ్మంలో నీళ్ళు చల్లి, అగరొత్తి వెలిగించి, కొత్త దిమ్మ అంచు మీద సుత్తితో చిన్న దెబ్బ వేసేవారు. రాలిన మొదటి ముక్క నా నాలుక మీద పెట్టి "ఉప్పు తగిలిందేంట్రా?" అనేవారు. లేదంటేనే ఆ దిమ్మ అమ్మకానికి. తన నాలుక కన్నా నా నాలుక మీదే నమ్మకం ఆయనకి... నేను ఆ ముక్క తినందే బోణీ లేదు.

ఆయన తర్వాత కొట్టు నాకొచ్చింది. నాకు ఒక్కతే కూతురు, సత్యవతి. నాలుగేళ్ళప్పటి నుంచీ మొదటి ముక్క దానిదే. ఇప్పుడు దానికి నలభై ఆరు, కొట్టంతా తనే నడుపుతోంది. అయినా పొద్దున్నే నేను ముక్క పట్టుకెళ్తే చిన్నపిల్లలా నోరు తెరిచేది...

ఆరేళ్ళ కిందట దానికి షుగరన్నారు. పంచదార డబ్బా ఇంట్లో లేకుండా చేశాను. కాఫీలోకి బెల్లమే. మిఠాయి కొట్టు వైపు చూడనిస్తే ఒట్టు. మాత్రలు వేళకి వేసుకునేది. అయినా ప్రతి పరీక్షకీ పైపైకే... పోయినసారి డాక్టరుగారు, మూడు నెలల్లో దిగకపోతే ఇంజక్షన్ మొదలెడదాం అన్నారు. సూదంటే మా అమ్మాయికి చిన్నప్పటి నుంచీ ముచ్చెమటలు పడతాయి.

ఆ ఆసుపత్రిలోనే తిండి సంగతులు చెప్పే ఓ అమ్మాయి, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం తింటారో చెప్పమంది. సత్యవతి నీళ్ళు నములుతుంటే నేనే గొప్పగా బోణీ ముక్క సంగతి చెప్పాను. అది స్వీటు కాదమ్మా, బెల్లం, ఒంటికి మంచిదని కూడా అన్నాను.

ఆ పిల్ల నెమ్మదిగా, "తాతగారూ, రంగే వేరండి. ఒంట్లోకి వెళ్ళాక బెల్లమైనా పంచదారైనా షుగరు పెంచేదే" అంది.

జీవితమంతా బెల్లం అమ్మినవాణ్ణి... ఆ సంగతి నాకే తెలియలేదు. బయటికొచ్చాక సత్యవతిని, నీకు ముందే తెలుసా అని అడిగాను. తల దించుకుంది.

"తెలుసు నాన్నగారూ... మీరు చెయ్యి చాపితే వద్దనడం నాకు చేత కాలేదు."

నా చేత్తో నేనే పెట్టానండీ, ఆరేళ్ళు...

మర్నాటి నుంచి బోణీకి నాలుగు వేయించిన సెనగలు పెట్టాను. బెల్లం కొట్టాయన సెనగలు పెడుతున్నాడని మా ఆవిడ ఇల్లిల్లూ తిరిగి చెప్పి నవ్వించింది. నవ్వనీయండి. కాఫీలో తీపి మానేశాం. కంచంలో అన్నం సగానికి తగ్గించి, ఆ జాగాలో కూర, పప్పు. ముందు కూర, ఆనక అన్నం. రసం తీయకుండా జామకాయ జామకాయలాగే కొరుక్కు తినడం. భోజనమయ్యాక ఇద్దరం స్టేషను దాకా నడక. మాత్రలు మాత్రం డాక్టరుగారు చెప్పినట్టే, ఒక్కటీ మానలేదు. అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నాను... దిగుతుందండీ, ఓపిక పడితే దిగుతుంది!

మా రోజుల్లో ప్రేమంటే ఏదో ఒక తీపి ముక్క చేతిలో పెట్టడమే. ఇప్పుడు అదే ప్రేమతో చెయ్యి వెనక్కి తీసుకోవాల్సొస్తోంది... మీ ఇంట్లో పెద్దవాళ్ళ చేతి మొదటి ముక్క ఏంటండీ? రాయండి, చదువుకుంటాను.

ఇక మావాళ్ళెవరు చూసినా ఈ కబురు వీళ్ళకి చేరవేయండి. పెనుగొండలో పెద్దక్కకి... మొక్కుకుంది పాపం. నరసాపురంలో మా బావగారికి, బెల్లం కాఫీ ఆయనకి నేర్పింది నేనే, నేనే మానమన్నానని చెప్పండి. రాజమండ్రిలో వియ్యపురాలు గారికి, ఇక సున్నుండలు పంపొద్దని మర్యాదగా. ఆఖరుగా కాకినాడలో మా తమ్ముడికి... వాడికీ షుగరే, నాన్నగారి అలవాటు కొద్దీ జేబులో ఎప్పుడూ ఓ బెల్లం ముక్క ఉంటుంది. ముందు ఆ ముక్క తీసుకుని, తర్వాత శుభవార్త చెప్పండి.