రన్నింగ్ రూమ్ బియ్యం

నేను పనికొచ్చిన ఈ అరబ్బు దేశంలో సోహార్ నుంచి బురైమీ వైపు పోయే దారిలో ఇప్పుడు రైలు కట్ట వేస్తున్నారు. నేను పనిచేసే ఇంటివాళ్లకు ఆ దారిలో ఖర్జూరం తోట ఉంది. సెలవు రోజున అందరూ అక్కడికి పోతారు, పిల్లల్ని చూసుకోవడానికి నన్నూ వెంట తీసుకుపోతారు. చిన్నదాన్ని ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తే బూడిదరంగు కొండల పక్కన కొత్త కట్ట బారుగా సాగిపోతూ కనిపిస్తుంది. ఈ దేశపు పిల్లలకు రైలంటే ఫోన్లో బొమ్మే. పోయిన శుక్రవారం నీళ్ల సీసాల కోసం బాబా ఒక కొట్టు ముందు కారు ఆపాడు. ఇంటి యజమానిని ఇక్కడ మేమందరం బాబా అనే పిలుస్తాం. సీసాలు తేవడానికి నేను దిగాను. లోపల పసుపు జాకెట్టు వేసుకున్న ఒకతను ఫోన్లో తెలుగు మాట్లాడుతున్నాడు. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు బెరుకు. అయినా తెలుగు చెవిన పడేసరికి కాళ్లు ఆగిపోయాయి. అతనే గమనించి, "మనోళ్లేనా అక్కా? ఏ జిల్లా?" అన్నాడు. కడప అన్నాను. అతనిది జగిత్యాల దగ్గరట, ఆ కట్ట మీదే డ్యూటీ అట. "మీరన్నా ఎప్పుడో ఆ రైలెక్కుతరు. మేం రాళ్లు పోసుడు అయినంక మమ్మల్ని ఇంకో సైట్‌కు తోల్తరు," అని నవ్వాడు. నేను ధైర్యం కూడగట్టుకుని ఒక్కటే అడిగాను. రైలు నడిపేవాళ్లు దిగి పడుకోవడానికి, అన్నం తినడానికి ఎక్కడైనా ఇల్లు కడుతున్నారా అని. అతను నన్ను వింతగా చూశాడు. "డ్రైవర్లకా? నాకేమెరుక అక్కా! ఏసీల కూసుంటరు, డబ్బాల తెచ్చుకున్నది తింటరు." బయట బాబా హారన్ కొట్టాడు. తోట చేరేదాకా నాకు మా అబ్బే గుర్తొచ్చాడు.

మా అబ్బ, అంటే మా నాయనకు నాయన, అలాంటి ఇంట్లోనే వంటమనిషి. మాది రైలు కోసం పుట్టిన ఊరు. ఇంగ్లీషువాళ్ల కాలంలో పట్టాలు వేస్తూ వచ్చి, ఇక్కడి ఏటి నీళ్లు ఇంజన్లకు పడతాయని తేల్చుకుని, షెడ్డు కట్టారట. షెడ్డు వెంట క్వార్టర్లు వచ్చాయి. పెద్ద దొరలకు మామిడిచెట్ల బంగళాలు, డ్రైవర్లకు పొగగొట్టం ఉన్న పెంకుటిళ్లు, షెడ్డులో కూలిపని చేసే కలాసీలకు బారు గదులు. మనుషుల్ని పేరుతో కాక ఇంటి నంబరుతో పిలిచేవాళ్లు. ఇరవైమూడో నంబరత్త అంటే అందరికీ తెలుసు, ఆమె పేరు మాత్రం ఆమె మొగుడికైనా గుర్తుందో లేదో. షెడ్డు సైరనే ఊరికి గడియారం. పాలు కాచేది, బడికి పోయేది, పగటి నిద్ర లేచేది అన్నీ దాన్నిబట్టే. ఆడవాళ్లు ఉతికిన బట్టలు ఆరేసే ముందు తల పైకెత్తి గాలి ఎటు తిరిగిందో చూసేవాళ్లు. గాలి షెడ్డు మీదుగా వస్తే తెల్ల పంచె సాయంత్రానికి నల్ల చుక్కల పంచె అయ్యేది. ఇన్‌స్టిట్యూట్ అనే రైల్వే క్లబ్బులో శనివారం తెర కట్టి సినిమా వేసేవాళ్లు. క్రిస్మస్‌కు ఆంగ్లో ఇండియన్లు చెక్క నేల మీద డాన్సు చేస్తుంటే కిటికీల దగ్గర మా అవ్వ వయసు ఆడవాళ్లు కొంగు నోట్లో పెట్టుకుని చూసేవాళ్లట. "ఆ డ్రైవరు పెండ్లాము గాలిలో తిరిగేదే, బొంగరమే తల్లీ," అని అవ్వ చెప్పేది. ఆవిరి ఇంజన్లు పోయి షెడ్డు మూతపడ్డాక ఆ ఇళ్లల్లో సగం ఖాళీ అయ్యాయి. ఇదంతా నేను పుట్టకముందు. నాకు తెలిసింది పైకప్పు లేని షెడ్డు, సైరన్ లేని పొద్దు, ఇంకా మూతపడని రన్నింగ్ రూమ్.

గూడ్సు బండిని ఒకే డ్రైవరు చివరిదాకా నడపడు. దారిలో ఒక చోట దిగి, బండిని ఇంకొకరికి అప్పజెప్పి, కాస్త తిని, పడుకుని, మళ్లీ తిరుగు బండి ఎక్కుతాడు. ఆ దిగే చోటు మా ఊరు, పడుకునే ఇల్లు రన్నింగ్ రూమ్. అందులో వంట పద్ధతి వేరు. బియ్యం, పప్పు రైల్వే ఇవ్వదు. ఎవరి బియ్యం వాళ్లే ఇంటి నుంచి తెచ్చుకుంటారు, వంటమనిషి ఎవరిది వాళ్లకు విడి గిన్నెలో వండిపెట్టాలి. తరచూ వచ్చేవాళ్లు ఒక డబ్బా నిండా బియ్యం అక్కడే ఉంచిపోయేవాళ్లు. అబ్బ పొయ్యిల దగ్గర ఎప్పుడు చూసినా చిన్న చిన్న గిన్నెలు వరసగా కూర్చుని ఉండేవి. ఒకరిది దొడ్డు బియ్యం, ఒకరిది సన్నవి, అరక్కోణం ఆయనవి ఉప్పుడు బియ్యం. గుంతకల్లు ఆయనకు గంజి వార్చకూడదు. నంద్యాల ఆయన వార్చకపోతే ఊరుకోడు. "కాపురానికొచ్చిన కొత్తలో నాకు వండిపెట్టమంటే రెండు గిన్నెలు పెట్టినాడు," అని అవ్వ దెప్పేది. "ఒకటి ఆయప్పది, ఒకటి నాది. నేనేమన్నా బండి దిగొచ్చినానా?"

అబ్బకంటే ముందున్న వంటమనిషికి ఒక అలవాటు ఉండేదట. ప్రతి డబ్బాలోంచి ఒక పిడికెడు తీసి తన సంచిలో వేసుకునేవాడు. అది బయటపడి అతని ఉద్యోగం పోయిందిగానీ, అనుమానం మాత్రం ఆ గదిలోనే ఉండిపోయింది. అబ్బ చేరిన కొత్తలో ప్రతి డ్రైవరూ వంట మొదలుపెట్టకముందు తన డబ్బా తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేవాడు. అబ్బ పొయ్యి వైపు తిరిగి ఊదుకుంటూ ఉండేవాడు. ఆ సంగతి నాకు ఎన్నిసార్లు చెప్పేవాడో. "నా ముందరే ఊపేవోళ్లు పాపా. నేను ఆడనే నిలబడుకోనుంటే." ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కొక్కరే ఊపడం మానేశారు. జీవితంలో తాను సంపాదించిందేమిటని అడిగితే అబ్బ అదే చెప్పేవాడనుకుంటాను.

నేను చిన్న తరగతుల్లో ఉండగా డ్రైవర్లు మారే చోటును జంక్షన్‌కు మార్చారు. గూడ్సు బండ్లు మా ఊళ్లో ఆగడం మానేశాయి. చెప్పాపెట్టకుండా వచ్చిన మార్పు కావడంతో, పోయినవాళ్లు మళ్లీ వస్తామనే పోయారు, డబ్బాలు గూళ్లలోనే ఉండిపోయాయి. రన్నింగ్ రూమ్‌కు తాళం వేస్తామన్నప్పుడు అబ్బ తోపుడు బండి తెచ్చి డబ్బాలన్నీ ఇంటికి చేర్చాడు. రిటైర్మెంటు దగ్గర్లో ఉందని ఆయన్ని వేరే ఊరికి పంపకుండా స్టేషన్ పంపు దగ్గర కూర్చోబెట్టారు. "నీళ్లకు కాపలా పెట్నారు. అవి యాడికి పోతాయో!" అనేవాడు. ఇంటి వరండాలో గోడ వారన డబ్బాలు. బిస్కెట్ డబ్బా, పాలపొడి డబ్బా, మూతకు ఎర్ర దారం కట్టిన నూనె డబ్బా. వాటి మీద పేర్లు లేవు. అబ్బకు మాత్రం ఏది ఎవరిదో తెలుసు. పురుగు పట్టకుండా ఎండకాలమంతా వారానికోసారి చాపలు పరిచి, ఒక్కో డబ్బా బియ్యం విడిగా పోసేవాడు. మధ్యలో జానెడు ఎడం. పిచ్చుకలు వచ్చి ఒకరి గింజ ఇంకొకరి కుప్పలో పడేస్తాయని నన్ను కాపలా పెట్టేవాడు. మాట్లాడకుండా ఎంతసేపైనా కూర్చోగలిగేదాన్ని కాబట్టి ఆ పనికి నేను బాగా సరిపోయాను. ఒళ్లో పుస్తకం, చేతిలో విసనకర్ర.

"దేవుళ్లకు మాదిరి డబ్బాలకు ఎండ చూపిస్తాండాడు," అని అవ్వ గొణిగేది. "కాపురానికొచ్చినప్పుటి నుంచి నన్ను ఒక తిరునాళ్లకన్నా తీసకపోయినాడా?"

"నీకేమన్నా పురుగు పడుతుందా యేంది?" అనేవాడు అబ్బ, చాప సర్దుతూ.

నవ్వుకునేవాళ్లంగానీ, ఇంట్లో అందరికీ సంగతి తెలుసు. ఎవరి బియ్యం వాళ్ల చేతికి అప్పజెప్పకపోతే, ఎక్కడో ఒక డ్రైవరు ఇంకొకరితో "మన బియ్యం ఆ వంటాయనే తిన్నాడులే" అంటాడని ఆయన భయం. పాసింజర్‌లో జంక్షన్ వైపు పోయేవాళ్లెవరు కనిపించినా కబురు పంపేవాడు. "మీ బియ్యం భద్రంగా ఉండాయని చెప్పండి. వచ్చి తీసకపొమ్మనండి." కబుర్లు పోయేవి, మనుషులు మాత్రం వచ్చేవాళ్లు కాదు.

ఒక్కరు వచ్చారు. ఎర్ర దారం డబ్బా ఆయన. ఏదో పెళ్లికి మా పక్క ఊరికి వచ్చి, దారిలో అబ్బను చూసిపోదామని పాసింజర్ దిగాడు. అబ్బ కుర్చీ వేసి, మంచినీళ్లైనా ఇవ్వకముందే డబ్బా తెచ్చి ఆయన ఒళ్లో పెట్టి నిలబడ్డాడు. ఆయన మూతైనా తీయకుండా పక్కన పెట్టాడు. "ఊపి చూడు సామీ," అన్నాడు అబ్బ. "ఏంది మామా, నిన్ను ఊపి చూసేదా? వండు, తినిపోతా," అన్నాడాయన. ఆ రోజు అబ్బ ఆ డబ్బాలో బియ్యమే తీసి, ఆయనకు ఇష్టమైనట్టు కాస్త పలుకుగా వండి, పక్కనే కూర్చుని తినిపించాడు. ఆయన చెయ్యి కడుక్కుని, వరండాలో మిగతా డబ్బాల వరస అప్పుడే చూసినట్టున్నాడు. వరస చివరిదాకా నడిచి వచ్చాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "ఇంకెవురూ రారు మామా. అరక్కోణమాయన చచ్చిపోయినాడు. మిగతావోళ్లు తలా ఒక దిక్కు. వాళ్లకు యాదికే ఉండదు. పిల్లలకు వండిపెట్టుకోపో." అబ్బ తల ఊపాడు. ఆయన్ని స్టేషన్ దాకా దిగబెట్టి వచ్చాడు. వచ్చి, చాపలు పరిచి, మిగిలిన డబ్బాలన్నీ మళ్లీ ఎండబోశాడు. పోయిన అరక్కోణమాయనది కూడా.

వానలు వెనకబడుతున్న రోజుల్లో, పంపు దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే అబ్బ పక్కకు ఒరిగిపోయాడు. పొయ్యిల ముందు అంతకాలం నిలబడిన మనిషి చివరికి నీళ్ల పక్కన పోయాడని కాలనీలో అందరూ అనుకున్నారు. దినాల రోజు వంటకు మా నాయన అంగడి నుంచి బియ్యం తెస్తానని సంచి తీసుకుంటుంటే, అవ్వ గోడకు ఆనుకుని కూర్చున్నచోటి నుంచే, "వద్దు. వరండాలో డబ్బాలు దించు," అంది.

"అమ్మా, నాయన ఒప్పుకోడు," అన్నాడు నాయన.

"ఆయప్ప ఉన్నన్నాళ్లూ ఒప్పుకోల్యా. వాళ్లు రారని ఆయప్పకు తెలీదనుకున్యావా? ఆ దారమాయన వచ్చి చెప్పకముందే తెలుసు." అవ్వ లేచి వచ్చి, మొదటి డబ్బా తానే మూత తీసింది. "ఆయప్ప తిన్నాడని ఎవురూ అనకుండా, అందరికీ పెడదాం పోస్కో."

పెద్ద గంగాళంలోకి ఒక్కో డబ్బా బోర్లించారు. దొడ్డు బియ్యం మీద సన్నవి, సన్నవాటి మీద ఉప్పుడువి. అన్నీ కలిసిపోతుంటే వచ్చిన చప్పుడుకు మా నాయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కాలనీలో మిగిలిన కొద్దిమంది, రిటైరైన గార్డులు, కలాసీలు, ఇరవైమూడో నంబరత్త విస్తళ్ల ముందు కూర్చున్నారు. అన్నం కుదరలేదు. కొన్ని గింజలు ముద్దైపోయాయి, కొన్ని పంటికింద రాళ్లలా ఉన్నాయి. వడ్డించేవాళ్లు ఏదో సర్దిచెప్పబోతే ఒక ముసలి గార్డు చెయ్యి అడ్డం పెట్టి, "పెట్టమ్మా, ఇంత పెట్టు," అని అడిగి పెట్టించుకున్నాడు. ఎవరూ ఏ గింజా ఏరి పక్కన పెట్టలేదు. నా విస్తట్లో అన్నాన్ని నేను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఒకే పొయ్యి, ఒకే నీళ్లు. ఉడికిన ఆ కాసేపే కొన్ని గింజలకు ఎక్కువైంది, కొన్నింటికి చాలలేదు. ఒకే ఊరు, ఒకే రైలు అయినా మా ఊరి మనుషుల్లో కొందరికి కాలం ఎక్కువైంది, కొందరికి చాలలేదు, అదీ అట్లాగేనని, ఇంత దూరం వచ్చాక ఇప్పుడు అనిపిస్తుంది.