నడుముకు సూది

పురిటినొప్పులు అంతగా తెలియకుండా నడుముకు వేసే సూది ఒకటుందని, కావాలంటే మత్తు డాక్టరుని పిలిపిస్తానని అనకాపల్లి ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎనిమిదో నెలలో చెప్పింది. నేను అక్కడికక్కడే కావాలన్నాను. ఆటో గుంతలో పడితేనే అమ్మో అని అరిచే మనిషిని. నొప్పులు నావి కాబట్టి నిర్ణయమూ నాదే అనుకున్నాను. ఎంత అమాయకత్వం!

చోడవరంలో మా పుట్టింట్లో సీమంతం రోజున సంగతి బయటపడింది. మా అమ్మే చెప్పేసింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. రావికమతం నుంచి వచ్చిన మా అత్తవారి వైపు ఆడవాళ్లు నా చేతికి గాజులు తొడుగుతూ తలా ఒక సలహా ఇచ్చారు.

"ఆ సూదేయించుకుంటే జన్మంతా నడుం నొప్పే" అంది మా మామగారి అక్క, నడుం పట్టుకుని లేస్తూ. ఆవిడ ఆ సూదిని కంటితో చూసి ఎరగదు. మరి ఆ నడుం నొప్పి ఎక్కడిదో అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

"మా మరదల్ని సూడు. ముగ్గుర్ని కన్నాది. కిక్కురుమన్లేదు. పిల్లలు ఏడిస్తేగానీ పక్కింటోళ్లకి తెలీలేదు" అని కూడా ఆవిడే అంది.

ఆ మరదలు మా అత్తగారే. వచ్చినవాళ్లంతా ఆవిడని పతకం గెలిచొచ్చిన మనిషిలా చూశారు. ఆవిడ తల వంచుకుని పసుపు కలుపుతూ ఉండిపోయారు.

మగవాళ్లు మాత్రం ఊరుకుంటారా? కాన్పు సహజంగా జరగాలన్నారు మామగారు. పన్ను పీకించుకున్న రోజు ఒక ఇంజెక్షన్ చాలదని రెండోది అడిగి మరీ వేయించుకున్న మనిషి ఆయన. రక్తపరీక్షకి సూది గుచ్చగానే కళ్లు తిరిగి పడిపోయిన మా ఆయనైతే, "నువ్వు ఓర్సుకోగలవే, నాకు తెల్సు" అని నా తరఫున ధైర్యం తెచ్చుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అత్తగారిని అడిగితే, "పెద్దోళ్లు ఏటంటే అదేనమ్మా" అన్నారు. భోజనాలు అయ్యేసరికి నాకు సూది వద్దని అందరూ కలిసి తేల్చేశారు.

ఒక మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రిలో మంచం కడ్డీ పట్టుకుని అరుస్తున్నాను.

"ఇప్పటికైనా మత్తు డాక్టరుని పిలిపించమంటారా?" అంది డాక్టరమ్మ.

"పిలవండి" అన్నాను. నా మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. డాక్టరమ్మ మా ఆయన వైపు చూసింది. మా ఆయన తన మేనత్త వైపు, అదే మా మామగారి అక్క వైపు చూశాడు. వియ్యాలవారి ముందు నోరెత్తలేక మా అమ్మ గుమ్మం దగ్గర కళ్లు తుడుచుకుంటోంది. ఇంకో నొప్పి వచ్చింది. ఈసారి ఇంకా గట్టిగా అరిచాను.

"ఒసే, అరవకే! పరువు తీసేస్తన్నావు. ఇది కరిసి పట్టు" అంటూ మేనత్త తన చీర కొంగు ఉండ చుట్టి నా నోటి దగ్గరికి తెచ్చింది.

ఆ చెయ్యి నా దాకా రాలేదు. మా అత్తగారు పట్టుకున్నారు.

"తియ్యి వదినా. ఆనాడు నా నోట్లోనూ ఇలాగే కుక్కేవు. ఊపిరాడక సచ్చిపోతాననుకున్నాను. కిక్కురుమన్లేదని ఊరంతా సెప్పుకున్నావు గానీ, గుడ్డ సంగతి ఒక్కరికైనా సెప్పేవా?"

మేనత్త కొంగు దించింది. అత్తగారు డాక్టరమ్మ వైపు తిరిగారు.

"నా కోడలు పిలవమంది కదమ్మా. ఇంకెవర్ని అడుగుతారు? పిలవండి."

సూది పడ్డాక నొప్పి పూర్తిగా పోలేదు గానీ, మనిషిలా ఊపిరి తీసుకోగలిగాను. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. పుడుతూనే ఆసుపత్రి అదిరిపోయేలా ఏడుపు అందుకుంది.

"ఏటా అరుపు? ఎవరైనా ఊరుకోబెట్టండే" అంది మేనత్త గుమ్మంలోంచి.

"అరవనీ" అన్నారు మా అత్తగారు, పాపని గుండెకి హత్తుకుని. ఏడుస్తున్నది పాప ఒక్కతే కాదని నేను అప్పుడు చూశాను.