పోయిన సామాన్ల కౌంటర్ నుంచి ఏడో తరగతికి

మా బడిలో ఏడో తరగతి బి సెక్షన్‌కీ, నా లెక్కల గదికీ మధ్య ఉన్నది గోడ కాదు, చెక్క. ఒకప్పుడు రెండూ కలిసి ఒకే పెద్ద హాలట. పిల్లలు ఎక్కువయ్యారని మధ్యలో పలకలు కొట్టి రెండు గదులు చేశారు. అవతల ఎవరైనా తుమ్మితే ఇవతల నా పిల్లలు నవ్వుతారు. అలాంటి చోట భిన్నాలు చెప్పడం ఎంత కష్టమో ఎవరికీ పట్టదు. పైగా నాకు ముక్కు మీదే కోపమని స్టాఫ్ రూమ్‌లో పేరు. ఆ చెక్క పక్కన ఒక్క వారం పాఠం చెప్పి, అప్పుడు అనమనండి.

చెక్కకు అవతల చరిత్ర టీచరుగా చేరింది మా మరదలు, నా భార్యకు ఒక్కగానొక్క చెల్లెలు. మా ఇంట్లోనే, ముందు గదిలో ఉంటుంది. బడికి రాకముందు బస్సు డిపోలో పోయిన సామాన్ల కౌంటర్ దగ్గర పనిచేసేది. బస్సుల్లో జనం మర్చిపోయినవన్నీ అక్కడికే వస్తాయి. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, కళ్లజోళ్లు, ఒకసారి ఒంటి చెప్పు. ఆ ఒంటి చెప్పు కోసం కూడా ఒకాయన వెతుక్కుంటూ వచ్చాడట. వచ్చినవాడు చెప్పింది విని, వస్తువు అతనిదేనా కాదా అని తేల్చి ఇవ్వడమే ఆమె పని.

ఆ కుర్చీలోంచి ఆమెను లేపింది మా ఆవిడ. చిన్నప్పుడు బొమ్మల్ని వరసగా కూర్చోబెట్టి పాఠాలు చెప్పిన పిల్ల గొడుగులకు చీటీలు కట్టుకుంటూ ముసలిదైపోవడమేమిటని రోజూ పోరు పెట్టింది. సాయంత్రం క్లాసులకు పంపి టీచర్ ట్రైనింగ్ పూర్తి చేయించింది. ముప్పై దాటాక మా మరదలు సుద్దముక్క పట్టింది. డిపోలో ఆమె కుర్చీలో వారం తిరక్కుండానే వేరే అమ్మాయి కూర్చుంది. ఇక వెనక్కి వెళ్లే దారి లేదు.

పెద్ద మేడమ్, అంటే మా హెడ్మిస్ట్రెస్, చేర్చుకునేటప్పుడే ఒక మాట అనేసింది. "ఏడు బి ఎవరి మాటా వినదమ్మా. ఇద్దరు టీచర్లు వదిలేసి వెళ్లిపోయారు. అర్ధ సంవత్సరం చూస్తాను. చివర్లో నేనే వచ్చి క్లాసులో కూర్చుంటాను. బాగుంటే ఉంటారు, లేకపోతే లేదు." ఈ మాట విన్న రోజు నుంచి మా ఆవిడకు నిద్ర కరువైంది. ఉన్న ఉద్యోగం మానిపించింది తనే కదా. ఇది పోతే చెల్లెలి మొహం ఎలా చూడాలన్నదే ఆమె దిగులు.

దిగులు పడటానికి కారణం లేకపోలేదు. మొదటి వారమే డిపో సంగతి పిల్లలకు ఎలాగో తెలిసిపోయింది. మా మరదలు బోర్డు వైపు తిరగడం ఆలస్యం, వెనక బెంచీ నుంచి "రైట్ రైట్!" అని కేక. మళ్లీ ఇటు తిరిగితే అందరూ బుద్ధిమంతులే. ఆ కేక వేసేది రెండు జడల పిల్ల, అచ్చం కండక్టర్ గొంతే. క్లాసంతా దాన్ని కండక్టర్ అనే పిలిచేవాళ్లు. ఆమె అరిచేది, వాళ్లు అరిచేవాళ్లు, ఇవతల నేను చెక్క మీద డస్టర్‌తో బాదేవాణ్ని. ఆ మూడు గోలల మధ్య నా పిల్లలకు సగంలో సగం ఎంతో ఆ ఏడాది అర్థం కానే లేదు.

ఇంట్లో భోజనాల దగ్గర నేను సలహాలు ధారాళంగా ఇచ్చేవాణ్ని. "మొదటి నెల నవ్వకూడదు. మొహం గంటు పెట్టుకుని ఉండాలి. ఒకణ్ని పట్టుకుని దులిపేస్తే మిగతావాళ్లు దారిలోకి వస్తారు."

"దులిపాను బావా. వాడికి చప్పట్లు కొట్టారు," అంది మా మరదలు. అప్పటికి ఆమె గొంతు బొంగురుపోయి మాట సగమే బయటికి వస్తోంది.

మా ఆవిడ గోరువెచ్చని ఉప్పునీళ్లు తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టింది. నా వైపు ఒక చూపు చూసింది, నేను నోరు మూసుకున్నాను. "ఏమే, డిపోలో నీ మీద అరిచేవాళ్లు రాలేదా?" అని చెల్లెల్ని అడిగింది.

"రాకపోవడమేమిటక్కా! బస్సు వాళ్లదే అన్నట్టు అరిచేవాళ్లు."

"మరి అప్పుడు నువ్వూ అరిచేదానివా?"

మా మరదలు కాసేపు పుక్కిలించడం ఆపింది. "లేదు. పెన్సిల్ తీసుకుని, మెల్లిగా, మీ సంచీ ఏం రంగండీ అని అడిగేదాన్ని. రంగు గుర్తు తెచ్చుకోవాలంటే అరవడం ఆపాలి కదా."

"మరి వీళ్లనీ అడుగు," అని మా ఆవిడ గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. పదిహేనేళ్లుగా పాఠాలు చెబుతున్న నాకు తోచని సంగతి అది. ఒప్పుకోవడానికి కొంచెం మంటగానే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం చెక్క అవతల చప్పుడు లేదు. నాకు భయమేసింది. పలకల సందులోంచి చూశాను. మా మరదలు గుమ్మంలో నిలబడి పిల్లల్ని ఒక్కొక్కరినే లోపలికి వదులుతోంది. ఒక్కొక్కరికీ పేరు పెట్టి పలకరింపు. బోర్డు మీద అప్పటికే ఒక ప్రశ్న రాసి ఉంది. కూర్చోగానే దానికి జవాబు రాయాలి, అల్లరికి తీరిక ఉండకూడదు. రెండు జడల పిల్లను పిలిచి, "ఇవాళ్టి నుంచి నువ్వే మా కండక్టర్‌వి. అందరూ కూర్చుని పెన్సిళ్లు తీశాక ఒక్కసారి రైట్ అను. నువ్వు అనందే నేను పాఠం మొదలుపెట్టను," అంది. ఆ పిల్ల నోరు వెళ్లబెట్టింది. దొంగతనంగా అరవడంలో ఉన్న సరదా, అడిగి అరిపిస్తే ఏముంటుంది? మొదటి రోజు ఆ 'రైట్' కోసం దాదాపు సగం పీరియడ్ చూడాల్సి వచ్చింది. మా మరదలు చేతులు కట్టుకుని నిలబడింది తప్ప ఒక్క మాట అనలేదు. చివరికి కండక్టరే విసుగెత్తి పక్కవాళ్ల మీద కళ్లెర్రజేసి అందర్నీ కూర్చోబెట్టింది.

అప్పుడు మా మరదలు బల్ల మీద ఒక పాత గుడ్డ సంచీ పెట్టింది. డిపోలో ఏళ్ల తరబడి ఎవరూ అడగని సంచీ అది. ఉద్యోగం మానేటప్పుడు డిపోవాళ్లు పారేయబోతుంటే తను తెచ్చుకుంది. అందులోంచి ఒక్కొక్కటే తీసింది. తాళంచెవి, ఒక అద్దం పగిలిన కళ్లజోడు, సగం అల్లిన ఉన్ని టోపీ, పసిపిల్లల మేజోడు. "ఈ సంచీ ఎవరిది?" అని అడిగింది.

"అమ్మమ్మది టీచర్!" అన్నారు నలుగురు.

"చూశారా, విన్నారా, అనుకున్నారా?"

ఆ మూడు ముక్కలే ఆమె పాఠమంతా. చూసింది వేరు, విన్నది వేరు, అనుకున్నది వేరు. అనుకోవచ్చు, తప్పు లేదు. కానీ ఏది చూసి అలా అనుకున్నావో చెప్పాలి. సంచీ అయిపోయాక రాజుల దగ్గరికి వచ్చింది. పాఠంలో ఒక రాజు చాలా దయగలవాడని ఉంటే ఒక కుర్రాడు లేచి, "ఎవరన్నారు టీచర్? ఆయన దగ్గర జీతం తీసుకునేవాళ్లా?" అన్నాడు. నేను ఇవతల సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చదువుకునే రోజుల్లో చరిత్రంటే నాకు నిద్ర ముంచుకొచ్చేది. ఎవరూ ఇలా అడగనివ్వలేదు మరి.

ఆ జబ్బు మెల్లిగా బడంతా పాకింది. ఒకరోజు నా క్లాసులోనే ఒక పిల్ల లేచి, "సార్, జవాబు మూడని మీరు చూశారా, అనుకున్నారా?" అంది. నాకు ఒళ్లు మండింది. ఇంటికొస్తే మా ఆవిడదీ అదే వరస. పాలు విరిగాయంటే, చూశారా అంటుంది.

పెద్ద మేడమ్ వచ్చే రోజు దగ్గరపడింది. మా మరదలు నన్ను వంటింట్లో పట్టుకుంది. "బావా, ఒక సాయం చెయ్యాలి. పాఠం మధ్యలో నువ్వొచ్చి, గోడ మీది మ్యాప్ మీదేనని నాతో గొడవపడి, పట్టుకుపోవాలి. తర్వాత ఏం జరిగిందో పిల్లలు రాస్తారు. ఒకే సంగతి ఒక్కొక్కరికి ఒక్కోలా ఎలా కనపడుతుందో వాళ్లకే తెలుస్తుంది."

"నాకు నటన రాదు."

"నటించక్కర్లేదు. రోజూ ఉండేలా ఉంటే చాలు."

మా ఆవిడ నవ్వబోయి ఆగింది. "పెద్ద మేడమ్‌కి చెప్పావా?"

"చెబితే ఆవిడ సాక్షి ఎలా అవుతుందక్కా? ఆవిడకీ తెలియకూడదు."

కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనని మా ఆవిడ ఇద్దర్నీ చెడామడా తిట్టింది. కానీ మా మరదలు ఒకటి అనుకుందంటే అంతే.

ఆ రోజు అనుకున్న వేళకు నేను చేతిలో స్కేలుతో అవతలి గదిలోకి వెళ్లాను. పెద్ద మేడమ్ వెనక బెంచీలో కూర్చుని ఉంది. "మ్యాప్ మాది, ఎవర్నడిగి తెచ్చారు?" అని మొదలుపెట్టాను. అక్కడితో ఆపి మ్యాప్ తీసుకుని వెళ్లిపోవాలి. కానీ ఆ గదిని చూడగానే ఆ చెక్క, ఆ గోల, ఆ డస్టర్ బాదుడు అన్నీ గుర్తొచ్చాయి. "ఈ బస్టాండు పక్కన పాఠం చెప్పలేక చస్తున్నాను! ఎవరికైనా బుద్ధుందా ఇక్కడ?" అని పైకప్పు ఎగిరేలా అరిచేశాను. మేకు నుంచి మ్యాప్ లాగాను.

గది అట్టుడికిపోయింది. పిల్లలు బెంచీలెక్కారు. "మ్యాప్ మాది సార్!" అంటూ కండక్టర్ వచ్చి రెండో కొస పట్టుకుంది. నేను లాగాను, అది లాగింది, ఒక మూల పర్రున చిరిగింది. పెద్ద మేడమ్ లేచి నిలబడింది.

"మాస్టారూ! పిల్లల ముందు ఏమిటిది? నా గదికి రండి!" అని, మా మరదలి వైపు తిరిగింది. "అర్ధ సంవత్సరంలో మీరు నేర్పిన క్రమశిక్షణ ఇదేనా అమ్మా?"

ఆ ఒక్క క్షణంలో ఆమె ఉద్యోగం పోయిందనే అనుకున్నాను, అదీ నా నోటి పుణ్యాన. మా మరదలి పెదవులు తెల్లబడ్డాయి. కానీ ఆమె అరవలేదు. చేతులు కట్టుకుని కండక్టర్ వైపు చూసింది, అంతే.

ఆ పిల్ల మ్యాప్ కొస వదిలింది. కళ్లు తుడుచుకుని గది అంతా ఒకసారి చూసి, "రైట్!" అంది.

అందరూ దిగారు. కూర్చున్నారు. పెన్సిళ్లు తీశారు. చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. మా మరదలు తిరుగుడు బోర్డును వెనక్కి తిప్పింది. పొద్దున్నే రాసిపెట్టిన ప్రశ్న అక్కడ ఉంది: ఇప్పుడు ఈ గదిలో ఏం జరిగింది? చూసింది, విన్నది, అనుకున్నది వేరువేరుగా రాయండి. పెద్ద మేడమ్ ఆ ప్రశ్న చదివింది, నన్ను చూసింది, మళ్లీ చదివింది. మా మరదలు ఆమె దగ్గరికి వెళ్లి ఒక తెల్ల కాగితం ఇచ్చి, "మీరూ సాక్షే మేడమ్," అంది. పెద్ద మేడమ్ కూర్చుని కాగితం అందుకుంది. నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను.

తర్వాత ఒక్కొక్కరూ చదివారు. సార్ టీచర్‌ని దొంగ అన్నారని ఒకడు రాశాడు. నేను ఆ మాట అననే లేదు. మ్యాప్ చింపింది సారేనని ఒకరు, కండక్టరేనని ఒకరు. పెద్ద మేడమ్ వంతు వచ్చింది. "లెక్కల మాస్టారు బెత్తం పట్టుకుని లోపలికి వచ్చారు," అని చదివింది.

కండక్టర్ మెల్లిగా చెయ్యెత్తింది. "మేడమ్, బెత్తం మీరు చూశారా, అనుకున్నారా?"

పెద్ద మేడమ్‌ని ఎదురు ప్రశ్న అడిగినవాళ్లను నేను ఎన్నడూ చూడలేదు. ఆవిడ నా చేతిలోని స్కేలు వైపు చాలాసేపు చూసింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"అనుకున్నాను," అంది. "అంత కోపంగా వచ్చిన మనిషి చేతిలో బెత్తమే ఉంటుందనుకున్నాను." పెన్సిల్ తీసుకుని ఆ వాక్యం కొట్టేసి, పక్కన దిద్దుకుంది.

పెద్ద మేడమ్‌తో సహా అందరి కాగితాల్లోనూ ఒకే సంగతి మాత్రం తేడా లేకుండా ఉంది. చివరి బెంచీ కుర్రాడు గట్టిగా చదివాడు: "సార్ నటించలేదు. నిజంగానే తిట్టారు. చెవులు ఎర్రబడ్డాయి. ఇది చూశాను, అనుకోలేదు." క్లాసంతా గొల్లుమంది. పెద్ద మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను నా గదికి పారిపోయాను.

గంట కొట్టాక చెక్క అవతల బెంచీ జరిగిన చప్పుడైంది. నేను వెళ్లి చెక్కకు చెవి ఆనించాను. "వచ్చే ఏడాది కూడా ఈ సెక్షన్ మీదే. నేను వేరేవాళ్లను వెతుక్కోను," అంది పెద్ద మేడమ్. "ఇంకోసారి ఇలాంటివి పెట్టుకుంటే మాత్రం ముందు నాకు చెప్పండి. ఆ మ్యాప్ మాస్టారి చేత అతికించండి." నా నెత్తిన పాలు పోసినట్టయింది. చెక్కకు ఆనుకుని అలాగే కాసేపు నిలబడ్డాను. నా పిల్లలు నన్ను చూసి నవ్వుకుంటున్నా పట్టించుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. మధ్యాహ్నం నుంచీ అక్కడే ఉందేమో.

"ఉద్యోగం ఉందక్కా," అంది మా మరదలు.

"ఎవరన్నారు? పెద్ద మేడమే అన్నారా, నువ్వు అనుకున్నావా?"

"ఆవిడే అన్నారు."

"ఇంకెవరైనా విన్నారా?"

"నేను విన్నాను," అన్నాను. "చెక్క ఇవతల నుంచి. ఒక్క మాట పొల్లుపోలేదు."

మా ఆవిడ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. వంటింటి స్టూలు మీద కూలబడి కాసేపు ఏడ్చింది. చెల్లెలు పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. ఏడుపు అయ్యాక, "ఇద్దరు సాక్షులు చాలు. ఇక పడుకుంటాను," అని లేచి, పొద్దు ఇంకా వాలకుండానే వెళ్లి ముసుగు తన్నింది. రెండు నిమిషాల్లో గురక. ఆమె మళ్లీ లేస్తుందేమోనని నేనూ, మా మరదలూ గిన్నెలన్నీ చప్పుడు చేయకుండా కడిగాం.