కోలగా కట్టిన పుట్టి

ఇందులో ఒక్క మాట అబద్ధమున్నా నడి ఏట్లో నా పుట్టి మునగనీ. మా యమ్మ మీద ఒట్టు, పండిన చేను మీద ఒట్టు. నా నోటి సంగతి ఎరిగినోళ్లు నవ్వుతారని తెలుసు. నవ్వనీ.

ఎనభైల్లో నేను నంద్యాలలో దూది మిల్లు గుమాస్తాని. ఇల్లు ఆళ్లగడ్డ, అత్తగారి ఊరు కుందూ ఏటికి అవతల. ఏరు నిండితే ఆ ఊరికి పుట్టే దిక్కు. వెదురుతో గంపలాగా గుండ్రంగా అల్లి, అడుగున తారు పూసిన పుట్టి. అది నడిపే ముసలాయన నాకు వరసకు మామ. ఊరి అల్లుణ్ణి కాబట్టి నా దగ్గర కూలి తీసుకునేవాడు కాదు. "ఏందప్పా అల్లుడా, పేపర్లో ఏముండాది?" అనేవాడు. ఒడ్డు చేరేలోగా ఒక కబురు చెప్పాల.

ఒకసారి పేపర్లో ఒక మూల ఆసియా దేశాల పడవ పందేల గురించి నాలుగు వరుసలు పడినాయి. సన్నగా, రెండు కొసలూ మొనదేరిన పడవలంట. ఒక రకంలో మోకాలి మీద ఉండి ఒకవైపే తెడ్డేస్తారు, ఇంకో రకంలో కూర్చుని రెండువైపులా వేస్తారు. యూరపులో ఎప్పట్నుంచో ఉండాయి, మన ఖండంలో ఇప్పుడిప్పుడే మొదలు. అంతే. ఆ నాలుగు వరుసలతో నేను రెండు వానాకాలాలు గడిపినా.

"జపానోడు తెడ్డేస్తే ఆ గాలికి ఒడ్డున జొన్నచేను వాలిపోయింది మామా."

"వాళ్లు తినేది వరి గదప్పా?"

"పందెం కోసమని వేసినారు."

చైనాకూ కొరియాకూ తగువు పెట్టినా. ఇరానోళ్లతో ఇసుకలో పడవ నడిపించినా. నంద్యాల మీదుగా పారే కేసీ కాలువ తవ్వించిన దొరలు అందులో పడవలు తిరగాలనే తవ్వించినారు, అది నిజం. ఈ ఖండంలో మొట్టమొదటి పందెం ఆ కాలువలోనే జరిగిందనీ, గెలిచినోడు మన పుట్టి నడిపేటోడేననీ నేను తగిలించినా. ఆయన తెడ్డు ఆపేసినాడు. పుట్టి నడి ఏట్లో గిర్రున తిరుగుతాండాది.

"మనోడే?"

ఆ మొగం చూసి నాకు ఊపొచ్చింది. ఈసారి పందేలకు మన దేశం తరఫున మనుషుల్ని ఏరేది కూడా నంద్యాల కాలువ మీదనే, దసరా పోయినాక వచ్చే ఆదివారం, అనేసినా.

మళ్లీ పోయేసరికి రేవులో పుట్టి లేదు. మామ దాన్ని విప్పేసి, ఆ వెదురుతోనే కోలగా, రెండు మొనలతో అల్లుతాండాడు.

"గుండ్రంది తిరుగుతాది గానీ ఉరకదప్పా," అన్నాడు.

"మరి జనాన్ని యాడ ఎక్కిస్తావ్?"

"పందెమైనాక మళ్లీ విప్పుతాలే."

అప్పుడన్నా నిజం చెప్పుండాల. మొన బాగా కుదిరింది మామా, అన్నా.

అందులో ఎవరు కాలు పెట్టినా పక్కకు ఒరిగేది. జనం చుట్టుదారిన, యాడనో దూరాన ఉండే వంతెన మీదికి పోబట్టిరి. అవతలి ఊరోడొకడు కొత్త పుట్టి దింపినాడు. వాళ్ల నాయన కాలం నుంచి మా మామదైన రేవు ఆ ఒక్క వానాకాలంలో చేయి దాటిపాయె. "అల్లుడివని పుట్టి ఎక్కిస్తే, రేవునే ముంచితివి గదయ్యా," అనింది నా పెండ్లాం.

దసరా పోయినాక, నేను చెప్పిన ఆ ఆదివారం మిల్లు పని మీద సైకిలెక్కి కాలువ కట్ట మీద పోతాండా. కింద మా మామ. బండి మీద తెచ్చిన పడవను నీళ్లలో పెట్టి, ఉతికిన పంచె కట్టుకొని, గుడ్డలుతికే ఆడోళ్లను అడుగుతాండాడు: "పందెం ఈడేనామ్మా?"

"ఎవరితో తాతా, మా బర్రెలతోనా?" అని వాళ్లు ఒకటే నవ్వు.

నేను సైకిలు పారేసి దిగినా. కాళ్లు పట్టుకొని, అంతా నేను అల్లిందే మామా, అన్నా. ఆయన తెడ్డుతో నా వీపున ఒకటిచ్చి, "దొంగనాయాలా, జొన్నచేను కాడనే నాకు అనుమానం," అని నవ్వినాడు. ఇద్దరం గట్టున కూర్చొని బోండాలు తిన్నాం.

ఈ దిగడం, కాళ్లు పట్టుకోవడం, బోండాలు, ఇవి నేను కల్పించినా. మిగతాదంతా ఒట్టుకు నిలుస్తాది, ఇది నిలవదు. ఆడోళ్ల నవ్వు వినబడంగానే నేను సైకిలు తిప్పుకొని పోయి, మిల్లులో దూది బేళ్ల వెనకాల కూర్చున్నా. ఆయన పొద్దుగూకేదాకా కట్ట మీదే ఉన్నాడంట.

మళ్లీ కనబడింది నాపరాళ్ల గనిలో, బండలు మోస్తా. నన్ను చూసి బండ దించి, దుమ్ము దులుపుకొని దగ్గరికొచ్చినాడు. తిడితే బాగుండునని నిలబడినా.

"తేదీ మార్చినట్టుండారు గదప్పా," అన్నాడు. "పోనీలే. కడాకు ఎవరు గెలిచిరి?"

నోటికొచ్చిన దేశం పేరు చెప్పినా.